బోర్లించిన కంచం

నా నోరు మంచిది కాదు. ఈ మాట మా అమ్మ అన్నది, మా ఆయన అన్నాడు, నాచారంలో మా గల్లీకి వచ్చే కూరగాయల బండి ఆయన కూడా అన్నాడు. ఒక్క మా అత్తమ్మే అనలేదు. నిజానికి అనాల్సిన మనిషి ఆమే. పిల్లికి దొంగచాటుగా తిండి పెట్టి దాన్ని చంపుతున్నావని ఈ నోటితోనే ఆమె మీద నింద వేశాను. ఆమె పెట్టలేదు. ఆ సంగతి నెల తిరక్కుండానే నాకు తెలిసింది. తెలిశాక కూడా 'తప్పయింది అత్తమ్మా' అన్న రెండు మాటలు నా నోట్లోంచి రాలేదు. తిట్టడానికి అంత చురుగ్గా తిరిగే నోరు దీనికి మాత్రం పడిపోయింది.

ఎనభైల నడిమి సంగతి. మా ఆయనకు నాచారం కంపెనీల్లో ఒకదాంట్లో మెషీన్ మీద పని. కంపెనీల వెనక కొత్తగా పడుతున్న కాలనీలో రెండు గదుల ఇల్లు అద్దెకు తీసుకున్నాం. అప్పట్లో సగం ప్లాట్లలో బండలు, సీతాఫలం పొదలు తప్ప ఏమీ లేవు. మగవాళ్లు పొద్దున్నే డ్యూటీలకు వెళ్లిపోతే మధ్యాహ్నం పన్నెండింటికి కంపెనీ సైరన్ మోగడం తప్ప గల్లీలో అలికిడి ఉండేది కాదు. సైరన్ ఆగాక ఇంకా నిశ్శబ్దంగా ఉండేది. మిట్టమధ్యాహ్నం బయట తిరగొద్దని మా అత్తమ్మ ఊరికే అనేది కాదని ఆ ఇంట్లో ఉన్నప్పుడే నాకు అర్థమైంది.

అత్తమ్మది జనగామ దిక్కు పల్లె. మా మామగారు పోయాక మా దగ్గరికి వచ్చేసింది. మాట తక్కువ, పని ఎక్కువ. మా పెళ్లయి ఆరేళ్లయినా పిల్లల్లేరు. ఆ ఊసు కూడా ఆమె ఎన్నడూ ఎత్తలేదు. పిల్లి మాత్రం నాది. ఓ వాన రోజున అరచేతిలో పట్టేంత ఉన్నప్పుడు వచ్చి గ్యాస్ బండ వెనక దూరింది. పేరు పెట్టలేదు. 'ఓయ్' అంటే వచ్చేది. పిల్లలకు బదులు పిల్లిని పెంచుకుంటోందని గల్లీలో అనుకుంటారని తెలుసు. అనుకుంటే అనుకోనీ. అది నా ఒడిలో పడుకుని గురగురలాడితే నాకు ఆ పూటకు ఇంకేమీ అక్కర్లేకపోయేది.

మూడో ఏడు దాటాక అది లావెక్కడం మొదలుపెట్టింది. మొదట ముచ్చటపడ్డాను. తర్వాత చూస్తే, కిటికీ మీదికి దుమకబోయి జారిపడుతోంది. నడుస్తుంటే కడుపు నేలకు రాసుకుంటోంది. కూర్చున్నా రొప్పుతోంది. ఓరోజు సంచిలో వేసుకుని ఉప్పల్‌లో పశువుల దవాఖానాకు తీసుకుపోయాను. అక్కడ బర్రెలు, మేకలు వరుసలో నిలబడి ఉన్నాయి. వాటి మధ్య నేను, నా పిల్లి. అందరూ నవ్వారు. డాక్టరు గోదావరి వైపు మనిషి. సంచిలోకి తొంగిచూసి, "ఏమ్మా, ఇది పిల్లా, పందికొక్కా? ఏం పెడుతున్నారండీ దీనికి?" అన్నాడు.

నవ్వు ఆపి దాని పక్కటెముకలు వెతికాడు. చేతికి దొరకలేదు. గుండె దగ్గర గొట్టం పెట్టి చాలాసేపు విన్నాడు. "ఎండలు ముదిరేలోగా బరువు దించండమ్మా. ఇలాగే ఉంటే వేసవి దాటదు. అలాగని ఒక్కసారిగా కడుపు మాడ్చకండి, పిల్లికి కాలేయం పాడైపోతుంది. కొలిచి పెట్టండి. పాలు, నెయ్యన్నం మానెయ్యండి. కాస్త పరుగెత్తించండి. వారం వారం తూకం వెయ్యండి" అని చెప్పాడు. వేసవి దాటదన్న మాట ఒక్కటే నా చెవిలో పడింది. ఉప్పల్ చౌరస్తాలో బస్సెక్కి ఇల్లు చేరేదాకా సంచి మీద చెయ్యి తియ్యలేదు.

నేను ఒక పని పట్టుకున్నానంటే పట్టుకున్నట్టే. గిద్దెడు అన్నం, అందులో ఉడికించిన చేప ముక్క, పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి. పాలు బంద్. మిగిలిన కూరలన్నీ జాలీ అల్మారాలో పెట్టి తాళం. చిరిగిన జాకెట్ గుడ్డను దారానికి కట్టి ఇల్లంతా లాగుతూ దాన్ని ఉరికించేదాన్ని. ప్రతి మంగళవారం జొన్నల సంచిలో వేసి పిండి గిర్నీకి మోసుకుపోయి కాటా మీద తూయించేదాన్ని. గిర్నీ ఆయనకు ఇదొక వేడుక. "అక్కా, మెత్తగ పట్టాల్నా, బరకగ పట్టాల్నా?" అని అడిగేవాడు. మొదటివారం సంచి తీసేస్తే ఐదు కిలోల ముప్పావు. రెండోవారం కూడా అంతే. మూడోవారం ఆరు.

"పెరిగింది గదక్కా!" అన్నాడు.

గిద్దెడన్నం తిని ఏ పిల్లి పెరుగుతుంది? అందరూ శ్రీవైష్ణవులే, బుట్టెడు రొయ్యలు మాత్రం మాయం. మా ఆయన పొద్దున పోతే రాత్రికి వస్తాడు. ఇంట్లో ఉండేది నేను, అత్తమ్మ. నేను పెట్టడం లేదు. పైగా ఆ పిల్లి నిద్రపోయేది అత్తమ్మ కాళ్ల దగ్గర. ఇక వేరే సాక్ష్యం ఎందుకు అనుకున్నాను. ఇంటికి రాగానే సంచి దించకుండానే మొదలుపెట్టాను.

"ఇంట్ల నాకు తెల్వకుండ దీనికి పెడ్తున్నవ్ గదా అత్తమ్మా? నీ పళ్లెంల కెంచి తీసి కొంగుల దాస్తున్నవ్ గదా? ఇది సస్తే నీకు సల్లగుంటదా?"

ఆమె చాటలో బియ్యం చెరుగుతోంది. చెయ్యి ఆగిపోయింది. "నేను పెట్టలే బిడ్డ" అన్నది.

"నువ్వు పెట్టక, నేను పెట్టక, మరి దయ్యం పెడ్తున్నదా?"

ఇంకా చాలా అన్నాను. తిన్నింటి వాసాలు లెక్కపెట్టే రకమన్నాను. ఆమె కొడుకింట్లో ఆమె తింటుంటే ఆ మాట ఎలా అన్నానో ఇప్పటికీ నాకు అంతుబట్టదు. ఆమె మళ్లీ బియ్యం చెరగడంలో పడింది.

ఆ మరునాటి నుంచి అత్తమ్మ వంటగదిలో తినడం మానేసింది. పళ్లెం తెచ్చుకుని, నేను ఎక్కడుంటే అక్కడ, నా ఎదురుగా కూర్చుని తినేది. మెతుకు మిగలకుండా తినేది. తిన్న వెంటనే లేచి కంచం కడిగి, అరుగు మీద బోర్లించేది. తర్వాత తడి చేతులు రెండూ చాపి, ఇటూ అటూ తిప్పి నాకు చూపించేది. ఏమీ లేదు చూడు అన్నట్టు. కోపంగా కాదు, ఎత్తిపొడుపుగా కూడా కాదు. బస్సులో టికెట్ చూపించినట్టు చూపించేది. 'చాల్లే అత్తమ్మా' అని ఒక్కసారి అన్నా ఆపేదేమో. నేను అనలేదు. చూసేదాన్ని కూడా.

నాలుగోవారం ఆరు కిలోల పావు.

అప్పుడు మొదలైంది నాకు భయం. పిల్లి ఇంటికి వస్తే దాని ఒంటి మీద వాసన వచ్చేది. ఊదుబత్తి వాసన. ఒకరోజు మీసాల దగ్గర పసుపు అంటుకుని ఉంది. ఇంకోరోజు వీపు మీద బూడిద రాలి ఉంది, ఊదుబత్తిది. మా ఇంట్లో మంగళవారం, శుక్రవారం తప్ప ఊదుబత్తి వెలిగించేదే లేదు. అత్తమ్మ దాన్ని దగ్గరికి తీసుకుని వాసన చూసి, నా చేతిలో పెట్టేసింది.

"ఇది పొయ్యే జాగ మంచిది గాదు" అన్నది.

"ఏ జాగ?"

"మనుషులు తినే కాడ పసుపు వెయ్యరు బిడ్డ, ఊదు బెట్టరు" అని లోపలికి వెళ్లిపోయింది.

మా ఇంటి వెనక గోడకు అవతల ఒక ఇల్లుంది. రైల్వేలో ఫిట్టర్‌గా చేసి రిటైరైన పెద్దాయన ఒక్కడే ఉండేవాడు. నేను మామా అని పిలిచేదాన్ని. ఆయన భార్య అంతకుముందు శ్రావణంలో పోయింది. మూడో రోజు పిట్టకు పెట్టినప్పుడు మేమూ వెళ్లాం. పోయిన మనిషికి ఇష్టమైనవన్నీ వండి విస్తట్లో పెట్టి, అందరూ దూరంగా జరిగి, కాకి వచ్చి ముట్టేదాకా ఎదురుచూస్తారు. ముడితే వాళ్ల మనసు తీరి పోయినట్టు. ముట్టకపోతే ఏదో మిగిలిపోయినట్టు. ఆమెకు ముట్టలేదు. వల్లకాట్లో పెట్టిందీ ముట్టలేదు, ఇంటి మీద పెట్టిందీ ముట్టలేదు. పొద్దుగూకేదాకా చూసి చూసి, చివరికి ఆవుకు పెట్టి అయిందనిపించారు. అందరూ స్నానాలకు వెళ్లిపోయినా ఆయన మాత్రం తల పైకెత్తి తీగల మీది కాకులనే చూస్తూ నిలబడ్డాడు.

ఆ తర్వాత నుంచి ఆయన ఇంటి ముందు తలుపు తెరవడం మేము పెద్దగా చూడలేదు. మాట మాత్రం వినపడేది. మధ్యాహ్నం సైరన్ ఆగిన కాసేపటికి, గోడ అవతల నుంచి, మెల్లగా. "తింటున్నవా?" అని ఒకసారి. "ఉప్పు సరిపోయిందా?" అని ఇంకోసారి. జవాబు ఉండేది కాదు. ఆ నిశ్శబ్దంలో వంటగదిలో గిన్నె పట్టుకుని నేను కూడా జవాబు కోసం ఎదురుచూసేదాన్ని. పాపం, ఒంటరితనంతో మతి చలించిందనుకుని కిటికీ మూసేసేదాన్ని. ఆ వేళకు నా పిల్లి ఇంట్లో ఉండదన్న సంగతి నాకు తట్టనే లేదు. మేడ మీద పడుకుందనుకునేదాన్ని.

పసుపు చూసిన మూడో రోజు దాని వెంట పడ్డాను. సైరన్ మొదలవ్వగానే అది చెవులు నిక్కించింది. సైరన్ ఆగేలోగా లేచి, అంత లావు ఒంటితోనూ చకచకా నడిచి, వెనక గోడలో ఇటుకలు రాలిన సందులోంచి అవతలికి దూరింది. నేను చెప్పులు విడిచి ఆ సందు దగ్గర సీతాఫలం చెట్టు చాటున నిలబడ్డాను. నెత్తి మీద ఎండ మాడ్చేస్తోంది. ఆకు కదలడం లేదు.

ఆయన వెనక అరుగు మీద పీట వేసి ఉంది. పీటకు పసుపు, ఊదుబత్తి పొగ. పీట మీద కంచం నిండా అన్నం, నెయ్యి, వేయించిన కార్జం. పక్కన గ్లాసు నిండా తెల్లటి కల్లు. తలుపు మూసి ఉంది. నా పిల్లి కంచం ముందు కూర్చుని తింటోంది. ఆబగా కాదు, తీరిగ్గా, ఇంటి మనిషి తిన్నట్టు. మూసిన తలుపు వెనక నుంచి ఆయన గొంతు వినిపించింది.

"నెమ్మదిగ తిను. తరుముకొచ్చేటోళ్లు ఎవ్వరు లేరు."

పిల్లి తల ఎత్తింది. తలుపు వైపు చూసింది. చెవి ఆడించి, మళ్లీ తినసాగింది.

"కల్లెందుకు ముడ్తలేవు? పానమిచ్చేదానివి గదా కల్లంటే. ఇంకా కోపం పోలేదా?"

అది నా పిల్లే. నా గిద్దెడన్నం తినే పిల్లి. అయినా ఆ క్షణంలో అక్కడ తింటున్నది ఎవరని ఎవరైనా అడిగితే చెప్పలేకపోయేదాన్ని. అది తిని మూతి తుడుచుకుని వచ్చేదాకా ఉండి, సందులో పట్టుకుని ఎత్తుకుని వచ్చేశాను.

అత్తమ్మ తలుపు దగ్గరే ఉంది. "వెనకింటి మామ సచ్చిన పెండ్లానికి పెడ్తున్నడు. మన పిల్లి తింటున్నది" అన్నాను.

"ఔనా" అన్నది.

అంతే. అనాల్సింది నేను. ఆ రాత్రి ఆమె కంచంలో రెండు గరిటెలు కూర ఎక్కువ వేశాను. తిన్నది, కడిగింది, బోర్లించింది, చేతులు చూపించింది. అప్పటికి అది ఆమెకు అలవాటైపోయింది. రేపు చెబుతాలే అనుకున్నాను.

మరునాటి నుంచి పదకొండింటికే పిల్లిని లోపలి గదిలో వేసి గడియ పెట్టాను. సైరన్ మోగితే అది తలుపు గీరి గీరి ఏడ్చేది. నేను చెవులు మూసుకున్నాను. కానీ గోడ అవతలి గొంతుకు ఏం మూసుకోవాలి?

మొదటిరోజు: "ఏందే, కంచం గట్లనే ఉన్నది?"

రెండోరోజు: "ఏం తప్పు జేసిన్నో చెప్పరాదు. ఇన్నొద్దులు తిని ఇయ్యాల ఏమైంది?"

మూడోరోజు మాట లేదు. నాలుగోరోజూ లేదు. మాట వినిపించినప్పటికంటే వినిపించనప్పుడు ఎక్కువ భయం వేసింది.

అత్తమ్మ వెళ్లి చూసి వచ్చింది. ఆయన మంచానికి అతుక్కుపోయి ఉన్నాడట. పొయ్యి మీద కుండలో అన్నం పాచిపోయి ఉందట. తినమంటే తల అడ్డంగా ఊపాడట. "నలభై ఏండ్లు నేను తిన్నంకనే తిన్నది. ఒక్కనాడు గూడ నాకంటె ముంగట తినలే. ఇప్పుడు ఆమె తిన్నంకనే నేను తింట. ఆమె ముడ్తలేదు, నేనెట్ల తింట?" అన్నాడట.

"పిల్లిని వదులు" అన్నది అత్తమ్మ.

"వదిలితే పిల్లి సస్తది."

"వదలకపోతే మనిషి సస్తడు."

"అయితే పొయ్యి నిజం చెప్తా" అన్నాను. నిజం చెప్పడానికి నాకేం భయం? మొగుడికి చెబుతాను, మార్కెట్లో తూకం తగ్గించేవాడికి చెబుతాను. విసవిసా చుట్టు తిరిగి వెళ్లి ముందు తలుపు తట్టాను. ఆయన గోడ పట్టుకుని వచ్చి తెరిచాడు. నాలుగు రోజుల్లో సగమైపోయాడు. "ఏం బిడ్డ?" అన్నాడు. కళ్లు లోతుకు పోయి ఉన్నాయి. మీ భార్య ఎన్నడూ తినలేదు మామా, తిన్నది మా పిల్లి. ఇంతే చెప్పాలి.

"జర చక్కెర ఉన్నదా మామా?" అన్నాను.

ఆయన మళ్లీ గోడ పట్టుకుని లోపలికి వెళ్లి, గ్లాసు నింపి తెచ్చి ఇచ్చాడు.

చక్కెర గ్లాసుతో ఇంటికి వస్తే అత్తమ్మ చూసింది. ఎన్నో రోజుల తర్వాత నవ్వింది. "నిజం జెప్పొస్తనని పొయ్యి చక్కెర తెచ్చినవా?" అన్నది. కొంగు నడుముకు దోపుకుంటూ, "సరె తియ్యి. దొంగని నువ్వు పేరు బెట్టనే బెడ్తివి. పేరు బెట్టించుకొని పని జెయ్యకుంటె ఎట్ల?" అన్నది.

అప్పటికీ నాకు ఆమె ఏం చేయబోతోందో తెలియలేదు. మరునాడు పొద్దున్నే ఆయన దగ్గరికి వెళ్లి, "అన్నా, ఇయ్యాల బెట్టి చూడు. నాకు కలల్ల కనవడ్డది" అని అబద్ధం చెప్పి వచ్చింది. సైరన్ ఆగగానే కొంగు నెత్తి మీదికి లాక్కుని, చెప్పుల్లేకుండా, ఇటుకలు రాలిన సందులో వంగి అవతలికి వెళ్లింది. నేను వంటగది కిటికీలోంచి చూస్తున్నాను. గోడ మీది నుంచి ఆమె తల, వీపు మాత్రమే కనిపిస్తున్నాయి. పీట ముందు కూర్చుంది. తింటోంది. లోపల ఆయన గొంతు మొదలైంది. ఏమంటున్నాడో వినపడలేదు. ఎండలో ఆ ముసుగు తల అప్పుడప్పుడు ఊగుతోంది. చూస్తూ చూస్తూ ఉంటే ఆ వీపు మా అత్తమ్మది కాదనిపించింది. అత్తమ్మా అని పిలుద్దామన్నంత భయం వేసింది. పిలిస్తే ఎవరు తిరుగుతారోనని పిలవలేదు.

ఆమె తిరిగివచ్చి కాళ్లు కడుక్కుంటుంటే అవతల తలుపు కిర్రుమంది. తర్వాత ఒక్కసారి కేక. "తాగినవా! కల్లు తాగినవా!" వెంటనే ఏడుపు. చాలాసేపటికి కంచంలో చెయ్యి కలిపే చప్పుడు వినిపించింది. ఆయన తింటున్నాడు.

నేను అత్తమ్మ వైపు చూశాను. ఆమె మూతి తుడుచుకుంటూ, "జర పుల్లగున్నది గని, మంచిగుండె" అన్నది. కల్లు పేరెత్తితే మా ఆయన మండిపడేవాడు. ఉద్యోగం వచ్చాక అవన్నీ మోటు అలవాట్లని ఇంట్లోకి రానివ్వలేదు. ఆమెకు కల్లు ఇష్టమని ఇన్నాళ్లు ఒకే ఇంట్లో ఉన్న నాకు ఆ రోజు తెలిసింది.

అలా నాలుగైదు నెలలు. ఎండాకాలమంతా, వానలు పడేదాకా, రోజూ మధ్యాహ్నం మా అత్తమ్మ చచ్చిపోయిన మనిషి తిండి తిని వచ్చేది. ఆయన ఏం మాట్లాడతాడని ఓసారి అడిగాను. "అవి నాతోని చెప్పినయి గావు గదా. నీకెట్ల చెప్త?" అన్నది. ఇంట్లో పగటి పూట నా ఎదుట తినడం ఆగిపోయింది. చేతులు చూపించడం కూడా. అమ్మయ్య అనుకున్నాను. చెప్పాల్సిన మాట ఇక చెప్పకపోయినా ఫరవాలేదని నన్ను నేనే సముదాయించుకున్నాను.

పిల్లి తగ్గింది. వారానికి ఇంత, వారానికి ఇంత, డాక్టరు చెప్పినట్టే నిదానంగా. శ్రావణం నాటికి నాలుగు కిలోల పావుకు వచ్చింది. "అక్కా, సంచిల పిల్లి ఉన్నదా, ఉత్త సంచేనా?" అన్నాడు గిర్నీ ఆయన. ఏడాది మాసికం చేసిన రోజు నుంచి మామ పీట వేయడం మానేశాడు. ఇక సైరన్ ఆగితే గోడ అవతల నిజంగానే నిశ్శబ్దం.

అత్తమ్మ తొంభైలలో పోయింది. అప్పటికి కాలనీ నిండిపోయింది, బండలు లేవు. జ్వరం అని పడుకుని నాలుగు రోజుల్లో వెళ్లిపోయింది. చివరి రోజు మంచం పక్కన కూర్చుని, ఇప్పుడు చెప్పాలి, ఇప్పుడు చెప్పాలి అనుకుంటూనే, "నీళ్లు తాగుతవా అత్తమ్మా?" అన్నాను. అది కూడా ఒక చక్కెర గ్లాసే.

మూడో రోజు మా మేడ మీద పిట్టకు పెట్టాం. అన్నం, మటన్, గారెలు, పచ్చిపులుసు. కరెంటు తీగ మీద కాకి ఉంది. చూస్తోంది. రాదు. మా ఆయన ముందుకు వెళ్లి, "అమ్మా, చెల్లెను మంచిగ చూసుకుంట" అని మాట ఇచ్చాడు. కాకి కదల్లేదు. ఆడబిడ్డ ఏడుస్తూ ఏదో చెప్పింది. కదల్లేదు. పన్నెండు దాటింది. సైరన్ మోగి ఆగింది. అందరూ ఒక్కొక్కరే నా వైపు తిరిగారు. కోడలివి, నువ్వేమన్నా అను అన్నట్టు.

నాకు తెలుసు ఏమనాలో. విస్తరి దగ్గరికి నాలుగు అడుగులు వేశాను. ముప్పై మంది చుట్టాలు. పదేళ్లుగా దాచిన మాట నాలుక మీదికి వచ్చింది. 'పిల్లికి నువ్వు పెట్టలే అత్తమ్మా' అనాలి. నోరు తెరిచాను.

అప్పుడే మెట్ల మీద కర్ర చప్పుడు. వెనకింటి మామ ఆయాసపడుతూ పైకి వచ్చాడు. చేతిలో గ్లాసు. మా ఆయన మొహం మాడిపోయింది. కల్లు. ఆయన ఎవరినీ పట్టించుకోకుండా వంగి విస్తరి పక్కన ఆకు దొప్పలో కల్లు పోశాడు.

"అన్ని బెట్టిన్రు, ఆమెకు ఇష్టమైంది బెట్టలే. ఎట్ల ముడ్తది?" అన్నాడు.

ఆయన నా పక్కకు వచ్చి నిలబడ్డాక, ఆయనకు మాత్రమే వినపడేలా అడిగాను. "నీకెట్ల తెలుసు మామా?"

"ఎండాకాలమంత నా తలుపు అవుతల కూసోని తిన్నది. కాలు గీలు చప్పుడు గాకుండ, గొంతు ఇనవడకుండ తిన్నది. తిన్నంక రోజు కంచం కడిగి బోర్లిచ్చి పోయేది." ఆయన కళ్లు కాకి మీదే ఉన్నాయి. "సచ్చినోళ్లు కంచం కడగరు గద బిడ్డ."

ఆ కడగడం, ఆ బోర్లించడం ఆమెకు ఎవరు నేర్పారో ఆయనకు తెలియదు.

"తెల్సి గూడ అడగలేదా?" అన్నాను.

"అడిగితే రాకపోవు గదా. ఒక్కడినే ఎట్ల తిందును?" అన్నాడు. కాకి మీంచి కళ్లు తియ్యకుండానే, "అంతకుముందు తిన్నది మాత్రం నా పెండ్లామే" అన్నాడు. నేను తలూపాను.

కాకి తీగ మీది నుంచి దిగింది. పిట్టగోడ మీద వాలి, అన్నాన్ని దాటి, మటన్‌ను దాటి, నేరుగా దొప్పలో ముక్కు ముంచింది. ముట్టింది, ముట్టింది అని అందరూ ఒక్కసారి అరిచారు. ఆడబిడ్డ దండం పెట్టింది. మా ఆయన కళ్లు తుడుచుకున్నాడు. స్నానాలకు నీళ్లు కాగుతున్నాయని ఎవరో కిందికి పిలిచారు.

నా నాలుక మీది మాట అలాగే ఉండిపోయింది. ఆమె నా మాట కోసం ఆగలేదు. ఆగి ఉంటే ఆ రోజు చెప్పేదాన్నని ఇన్నేళ్లుగా అనుకుంటున్నాను. నిజమో కాదో నాకు తెలియదు. ఇప్పటికీ తిన్నాక కంచం కడిగి బోర్లించిన ప్రతిసారీ నా చేతులు రెండూ వాటంతటవే ముందుకు చాచుకుంటాయి. ఎదురుగా ఎవరూ ఉండరు. పిల్లికి నువ్వు పెట్టలేదు అత్తమ్మా, తప్పయింది.